రెండు పెళ్ళిళ్ళ నడుమ పదేళ్ళు



పదేళ్ళంటే మన ఆడవాళ్ళ లెక్కలో ఎంత కాలం? పుట్టిన పిల్ల బొమ్మల పెళ్ళిళ్ళు చేసే వయసుకు వచ్చేంత కాలం. చరిత్ర పుస్తకాల్లో అయితే అది ఒక పేజీకి మించదు. కాని వందేళ్ళుగా కదలని గడపను కదిలించే పదేళ్ళు కూడా ఉంటాయి. మన తెలుగునాట 1930 మొదలు 1940 దాకా గడిచిన కాలం అలాంటిది. దాన్ని గురించి చెప్పాలంటే నేను మా ఇంటి నుంచే మొదలు పెట్టాలి.

మా అమ్మమ్మకు ఒక అక్కగారు ఉండేది. ఆవిడను మేము పెద్దమ్మమ్మ అనేవాళ్ళం. పుట్టిల్లు కోనసీమ. ఇద్దరికీ నాలుగేళ్ళే తేడా. పెద్దమ్మమ్మకు 1931లో తొమ్మిదో యేట పెళ్ళి చేశారు. మా అమ్మమ్మకు 1941లో పదిహేనో యేట చేశారు. ఒకే తల్లి, ఒకే తండ్రి. మరి ఈ తేడా ఎక్కడినుంచి వచ్చింది?

1929లో శారదా చట్టం వచ్చిన సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఆడపిల్లకు 14, మగపిల్లవాడికి 18 యేళ్ళు నిండకుండా పెళ్ళి చేయకూడదని శాసనం. 1930 ఏప్రిల్ 1 నుంచి అమలు. ఇంకేముంది, ఆ తేదీ లోపల కానిచ్చేద్దామని జనం ముహూర్తాల కోసం పరుగులు పెట్టారు. తేదీ దాటిపోయినవాళ్ళకు మన గోదావరి జిల్లాల్లో ఇంకో దారి దొరికింది. అదే యానాం. అది ఫ్రెంచివారి ఏలుబడి, బ్రిటిషు చట్టం అక్కడ చెల్లదు. పడవెక్కి గౌతమి దాటితే చాలు. అలా జరిగిన పెళ్ళిళ్ళ వల్లనే ఆ ఊరికి కళ్యాణపురమని పేరు కూడా వచ్చింది. పెద్దమ్మమ్మ పెళ్ళీ అక్కడే అయింది. ఆ పెళ్ళి గురించి ఆవిడకు జ్ఞాపకం ఉన్నవి రెండే. పడవలో ఎవరో చేతిలో పెట్టిన కొబ్బరి లౌజు ఒకటి, మంగళసూత్రం కట్టే వేళకు నిద్రపోతున్న తనను తట్టి లేపడం ఒకటి.

చట్టానికి కంతలు కూడా ఉన్నాయి. ఎవరైనా ఫిర్యాదు చేస్తే గాని కేసు లేదు. ఫిర్యాదు చేసినవాళ్ళను 100 రూపాయల దాకా పూచీ కట్టమనవచ్చు. అంత సొమ్ము పోసి పొరుగింటి పెళ్ళి ఆపేవాళ్ళెవరు? పైగా జరిగిపోయిన పెళ్ళి చెల్లకుండానూ పోదు. మరి ఈ చట్టం వల్ల ఒరిగిందేమిటని మీరు అడగవచ్చు. ఒకటి ఒరిగింది. అప్పటి దాకా ఆచారమని నోరు మూసుకున్న విషయం అరుగుల మీద, పత్రికల్లో, సభల్లో వాదానికి వచ్చింది. తప్పో ఒప్పో మాట్లాడుకోక తప్పలేదు.

సరిగ్గా అదే ఏడు ఉప్పు సత్యాగ్రహం వచ్చింది. ఉన్నవ లక్ష్మీబాయమ్మ గారి వంటివారు జైలుకు వెళ్ళారు. దుర్గాబాయి గారి సంగతి చూడండి. ఎనిమిదో యేట పెళ్ళి. ఊహ తెలిశాక ఆ బంధాన్ని కాదనుకున్నారు. రాజమండ్రిలో ఆడవాళ్ళకు హిందీ నేర్పారు. మద్రాసులో సత్యాగ్రహం నడిపి జైలుకు వెళ్ళారు. బయటికి వచ్చాక ఆగిపోయిన చదువును మళ్ళీ మొదలు పెట్టారు. 1937లో ఆంధ్ర మహిళా సభ స్థాపించారు. జైలుకు వెళ్ళిన స్త్రీని ఊరంతా గౌరవంగా చూడడం మన సంఘానికి కొత్త. గడప దాటితే పరువు పోతుందన్న మాట అక్కడే సగం చచ్చింది.

నైజాం వైపు కూడా కదలిక కనిపించింది. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతన ఆంధ్ర మహాసభ జరిగింది. దానితో పాటే నడింపల్లి సుందరమ్మ గారి అధ్యక్షతన మహిళా సభ కూడా జరిగింది. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా ప్రతాపరెడ్డి గారు 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. మనం ఉన్నామని చెప్పుకోవడం కూడా ఆ దశాబ్దపు పనే.

ఇక ఇంట్లోకి వచ్చిన మార్పు పత్రిక ద్వారా వచ్చింది. కేసరి గారు 1928లో మొదలు పెట్టిన గృహలక్ష్మిలో కనుపర్తి వరలక్ష్మమ్మ గారు శారద లేఖలు రాసేవారు. స్నేహితురాలికి ఉత్తరం రాస్తున్నట్టే ఉండేవి గాని, అందులో ఆడవాళ్ళ కష్టసుఖాలన్నీ ఉండేవి. చదవడం రాని ఇల్లాలికి చదవడం వచ్చిన పిల్ల వినిపించేది. అలాగే బొమ్మ మాట్లాడడం మొదలైంది. 1932లో భక్త ప్రహ్లాద వచ్చింది, సురభి కమలాబాయి గారు లీలావతి వేషం వేశారు. అక్కడినుంచి ఆరేడేళ్ళు తిరిగేసరికి తెర మీద దేవుళ్ళ కథల పక్కన మన కథలు వచ్చి కూర్చున్నాయి. 1938లో మాలపిల్ల అంటరానితనం మీద, 1939లో వరవిక్రయం కట్నాల మీద. 1938 జూన్ 16న మద్రాసులో రేడియో కేంద్రం మొదలయింది. ఇల్లు కదలని ఆడదాని చెవికి లోకం మాట చేరింది.

అయితే మా అమ్మమ్మ పెళ్ళి ఆలస్యం కావడానికి ఇవన్నీ కారణమని నేను చెప్పను. మా ముత్తాత సంస్కర్తేమీ కాదు. ఆర్థిక మాంద్యం వచ్చి ధాన్యం ధర పడిపోయింది. రెండో పిల్ల పెళ్ళికి అప్పు పుట్టలేదు. చేతిలో డబ్బు లేక ఆగాడు. ఆగినందుకు తప్పు పట్టేవాళ్ళు లేకపోవడం మాత్రం ఆ కాలం చేసిన మేలు. "చట్టం ఉంది కదండీ" అంటే ఊరి నోరు మూతపడేది. ఆ ఖాళీలో మా అమ్మమ్మ అయిదో తరగతి దాకా చదువుకుంది.

పెద్దమ్మమ్మకు అంత అదృష్టం లేదు. 1939లో, పదిహేడో యేట, భర్త పోయాడు. 1937లో హిందూ స్త్రీల ఆస్తి హక్కు చట్టం వచ్చింది, విధవకు భర్త ఆస్తిలో భాగం ఉందన్నది. అదీ ఆవిడ బతికినన్నాళ్ళే, అమ్ముకునే స్వేచ్ఛ లేదు. పైగా వ్యవసాయ భూమికి ఆ చట్టం వర్తించదని 1941లో ఫెడరల్ కోర్టు తేల్చింది. అత్తవారి ఆస్తంతా పొలమే. ఆవిడ ఒక ట్రంకుపెట్టెతో పుట్టింటికి వచ్చేసింది.

ఆ దశాబ్దం అందరికీ ఒకేలా రాలేదు. పరాయి పొలాల్లో ఊడ్పులకు, కోతలకు వెళ్ళిన ఆడవాళ్ళలో చాలామందికి బడి తలుపు అప్పటికీ తెరుచుకోలేదు. నాలుగేళ్ళు ముందు పుట్టినందుకు మా పెద్దమ్మమ్మకూ తెరుచుకోలేదు. కాని ఆ ఇంట్లోనే చెల్లెలు పలక తెచ్చి అక్క ముందు పెట్టింది. పంతొమ్మిదో యేట ఆవిడ అ ఆలు దిద్దింది. చివరి రోజుల దాకా వారపత్రిక రాగానే ముందు ఆవిడ చేతిలో పడవలసిందే.

ఇదంతా పాత కథ అనుకోకండి. ఇప్పుడు ఆడపిల్ల పెళ్ళి వయసు 18. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క చూడండి. 20 నుంచి 24 యేళ్ళ వయసు స్త్రీలలో 18 నిండకుండానే పెళ్ళయినవారు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి సుమారు 29 మంది, తెలంగాణలో సుమారు 23 మంది. అంటే యానాం పడవ ఇంకా నడుస్తూనే ఉంది, రేవు మారిందంతే.

మీ ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఈ సాయంత్రం ఒక్క మాట అడగండి. పెళ్ళి ఏ యేట అయింది, బడి ఏ తరగతిలో ఆగింది అని. విన్నది మీ పిల్లలకు చెప్పండి. తరువాత మీ వీధిలో బడి మానేసిన పిల్ల ఎవరైనా ఉందేమో కనుక్కోండి. పలక పట్టుకెళ్ళి ముందు పెట్టడానికి చట్టం అక్కరలేదు కదా.