దీర్ఘదృష్టి: కళ్లద్దాల పవర్, కాంటాక్ట్ లెన్స్ పవర్

దీర్ఘదృష్టి బాగా ఎక్కువగా ఉన్నవారికి కళ్లద్దాల చీటీలో రాసిన పవర్ కాంటాక్ట్ లెన్స్‌కు సరిపోదు; ఇంకా ఎక్కువ కావాలి. కన్ను మారకపోయినా పవర్ మారడానికి కారణం కంటికీ అద్దానికీ మధ్య ఉన్న ఎడం. ఫ్రేములోని అద్దం కార్నియాకు సుమారు 12 నుంచి 14 మిల్లీమీటర్ల ముందు నిలుస్తుంది. కాంటాక్ట్ లెన్స్ కన్నీటి పొర మీదే కూర్చుంటుంది. దూరపు వస్తువు స్పష్టంగా కనిపించాలంటే కుంభాకార కటకం నాభి కంటి వెనుక ఒక నిర్ణీత చోట పడాలి. +5 డయాప్టర్ల అద్దం నాభ్యంతరం 200 మి.మీ. అదే కటకాన్ని 12 మి.మీ. వెనక్కి జరిపి కార్నియా మీద పెడితే నాభి కూడా అంత వెనక్కి పోతుంది. అది పాత చోటే ఉండాలంటే నాభ్యంతరం 188 మి.మీ. కావాలి, అంటే దాదాపు +5.32. లెన్సులు మామూలుగా పావు డయాప్టర్ తేడాతో దొరుకుతాయి కాబట్టి +5.25 ఇస్తారు.

ఈ తేడా పవర్‌తో పాటు సమంగా పెరగదు, దాదాపు దాని వర్గం లెక్కన పెరుగుతుంది. +2కు లెక్క 2.05 వస్తుంది, పట్టించుకోనక్కర్లేదు. +4 దగ్గర తేడా 0.20, +8 దగ్గర 0.85. అందుకే నేత్ర నిపుణులు 4 డయాప్టర్ల నుంచి ఈ లెక్క వేస్తారు. కంటిలో కృత్రిమ కటకం అమర్చడం వాడుకలోకి రాకముందు శుక్లాల ఆపరేషన్ అయినవారు పెట్టుకున్న సోడాబుడ్డి కళ్లద్దాలను తీసుకుంటే, +12 అద్దానికి బదులు +14 లెన్స్ కావాలి.

కంటికి ఆనుకుని ఉండే లెన్స్‌కు తక్కువ పవర్ చాలదా అని అడగవచ్చు. హ్రస్వదృష్టికి అది నిజమే: -8 అద్దానికి -7.25 లెన్స్ చాలు. ప్లస్ కటకానికి వ్యవహారం తిరగబడుతుంది. ఆ సోడాబుడ్డి అద్దాలను ముక్కు చివరికి జార్చితే పవర్ పెరిగినట్టయి పుస్తకం బాగా కనిపించేది. కాంటాక్ట్ లెన్స్ దానికి సరిగ్గా ఎదురు దిశలో జరిగిన కటకం. (మామూలు చత్వారం అద్దాలకు ఈ ఉదాహరణ వర్తించదు.)

చిన్న వయసు కన్ను ఆ కాస్త లోటును తనే సర్దుకుంటుంది గదా అన్నది మరో వాదన. సర్దుకుంటుంది, కానీ ఆ శ్రమ తలనొప్పిగా బయటపడవచ్చు. నలభై దాటాక ఆ శక్తీ తగ్గిపోతుంది. పైగా ఈ లెక్క పవర్ సంగతే చెబుతుంది. లెన్స్ వంపు, వ్యాసం కార్నియాకు కుదిరాయో లేదో, ఇంకా ఎంత లోటు మిగిలిందో లెన్స్‌ను కంటిమీద పెట్టి చూస్తేనే తేలుతుంది. కాబట్టి కళ్లద్దాల చీటీ చూపించి కాంటాక్ట్ లెన్సులు కొనకండి. వాటికి వేరే చీటీ రాయించుకోండి.