ఒంటి పికప్పు గిటారు

వీణతంత్రిని గుఱ్ఱమునకు చేరువగా మీటినచో ఒక తీరు నాదమును, అచ్చటినుండి మెట్లవైపు జరిగి మీటినచో మఱియొక తీరు నాదమును పుట్టునని సంగీతము వినెడి మీకు నేను క్రొత్తగా చెప్పనక్కఱలేదు. గుఱ్ఱము దాపున పలుకు బిఱుసు; దూరమున పలుకు మృదువు. తంత్రి యొకటే, బిగువు నొకటే, చోటు మాత్రమే వేఱు. ఈ చిన్న సత్యము నాధారము చేసికొని అమెరికా దేశమున నొక వాద్యము పుట్టి, చౌకసరకుగా అమ్ముడై, పిమ్మట పేరుపొందిన వాదకులచే కోరి చేపట్టబడిన చరిత్రమును నేడు మనవి చేసెదను.

ఆ వాద్యము విద్యుద్గిటారు. నేడు మన పల్లెల పెండ్లిపందిళ్లలో గూడ దాని మ్రోత వినవచ్చుచున్నది. వీణకు కుండ యెట్టిదో మామూలు గిటారునకు గుల్లపెట్టె యట్టిది. ఈ గిటారునకు ఆ గుల్లతో పనిలేదు. ఉక్కుతంత్రుల క్రింద అయస్కాంతము నుంచి, తలవెండ్రుకవంటి రాగితీగను వేలకొలది చుట్లు చుట్టి యమర్తురు. దీనినే పికప్పు అందురు. తంత్రి కంపించినపుడు అయస్కాంతక్షేత్రము చలించును. ఆ చలనమువలన తీగచుట్టలో అత్యల్పమగు విద్యుత్ప్రవాహము పుట్టును. ఇది మైకేల్ ఫారడే 1831లో కనుగొనిన ధర్మము. ఆ ప్రవాహమును పెంచి లౌడుస్పీకరునకు పంపగా మన చెవికి నాదమగును. 1969లో పాలకొల్లున జన్మించి 2014లో పరమపదించిన ఉప్పలపు శ్రీనివాసుగారి అయిదు తంత్రుల విద్యున్మాండొలినును మనలో ననేకులు వినియుందురు గదా! దాని పలుకునకు మూలము నీ ధర్మమే.

పికప్పు తంత్రినంతటిని వినదు. తన నెత్తిమీది భాగమునే వినును. ఇచ్చట కొంచెము శాస్త్రము చెప్పక తప్పదు. మీటిన తంత్రి యొక్క స్వరమునే పలుకదు. మూలస్వరముతోబాటు దానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలు వేగముగల స్వరములను గూడ సన్నగా పలుకును. వీనికి అనుస్వరములని పేరు. (మనము వ్యాకరణమున చదివిన సున్న కాదు.) గుఱ్ఱము కడ తంత్రి కట్టువడియుండుటచే మూలస్వరపు టూపు అచ్చట మిక్కిలి తక్కువ, అనుస్వరముల పాలు పోల్చిచూడ నెక్కువ. కనుక గుఱ్ఱము చెంత నమర్చిన పికప్పు తళుకు గలిగి, కోతగా, ఇతర వాద్యముల రొదను చీల్చుకొని పలుకును. దండి దాపున నమర్చినది గుండ్రముగా, నిండుగా పలుకును. సాధారణముగా గిటారులకు రెండుచోట్లను పికప్పు లుంచి, కోరినదానిని పలికించుటకు మీట యొకటి పెట్టుదురు. గుఱ్ఱము కడ నొక్కటే గలది మన కథానాయకము. మీ మనుమడు పట్టణమునుండి యిట్టిదానిని తెచ్చినచో, అంగడివాడు సగము సరకిచ్చి పంపెనని మీరు తలపవచ్చును. దాని నమ్మినవారే చాలకాల మించుమించుగా నట్లే తలంచిరి!

విద్యుద్గిటారులలో మొదట బజారున నిలిచినది గూడ ఒంటి పికప్పుదే. లాస్ ఏంజెలెస్ నగరమున జార్జి బీచమ్ అను వాదకుడును, అడాల్ఫ్ రికెన్‌బాకర్ అను లోహకార్మికుడును కలసి 1932లో దాని నమ్మకమునకు పెట్టిరి. అల్యూమినియముతో పోతపోసినది, రూపమునుబట్టి జనులు దానిని వేపుడు పెనమనిరి. ఒడిలో పరుండబెట్టి వాయించెడి హవాయి తరహా గిటారది. గుఱ్ఱపులాడమువంటి అయస్కాంతములు తంత్రులపై కమానువలె వంగియుండెను. 1937లో బీచమ్ పేర పేటెంటు లభించెను. 1936లో గిబ్సన్ కంపెనీవారు ఇ.ఎస్. 150 అను గిటారును వెలువరించిరి. దానికిని పికప్పొక్కటే గాని అది దండి చెంత నుండెను. చార్లీ క్రిస్టియన్ అను యువకుడు దానిపై జాజ్ సంగీతమును మెత్తగా వాయించి, 1942లో ఇరువదియైదేండ్లకే గతించెను. కావున ఒకటియగుట మాత్రమే గుణమునకు కారణము కాదు. ఎచ్చట నున్నదనునదియే ముఖ్యము.

కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ అను ఊర లియో ఫెండర్ రేడియోలు బాగుచేయువాడు. 1938లో దుకాణము పెట్టెను. గిటారు వాయించుట యతనికి రాదు. మరమ్మతుచేయువాని బుద్ధితో గుల్లలేని గట్టిచెక్కను కోసి, దండిని మరలతో బిగించి, చెడిన భాగమును విప్పి మార్చుకొను వీలు కల్పించెను. 1950లో అతడు వెలువరించిన ఎస్క్వయర్ అను గిటారునకు గుఱ్ఱము కడ ఒక్కటే పికప్పు. మొదటివానికి దండిలో ఇనుపకడ్డీ లేక కొన్ని వంగిపోయినవి. ఆ యేటనే రెండు పికప్పులది వచ్చినది; 1951లో దానికి టెలికాస్టర్ అను పేరు స్థిరపడినది. ఎస్క్వయరు కడ్డీ గలదై మరల వచ్చి, దానికి చౌకతమ్ముడుగా నిలిచెను. వింత యేమనగా, తమ్ముని చెక్కలో గూడ రెండవ పికప్పునకై గుంట తొలిచియే యుండును. పైన పలక కప్పియుండుటచే కనబడదు. డబ్బు కూడినపుడు కొనువాడు రెండవదానిని పెట్టించుకొనవచ్చును. పలువురు పెట్టించుకొనలేదు.

జానీ కాష్ గాయకుని ప్రక్కన లూథర్ పెర్కిన్స్ ఈ ఎస్క్వయరు మీదనే రైలుబండి నడకవంటి టకటక వాయించెను. 1956 నాటి వారి పాటలలో అది వినబడును. 1965లో ఇంగ్లండునందు యార్డ్‌బర్డ్స్ అను బృందమువారు ఒక పాటకు మన సితారు వాదకుని పిలిపించి, కుదరక, తుదకు జెఫ్ బెక్ గిటారుతో ఆ ఛాయను పలికించుకొనిరి. ఆ యేట అతడు చేపట్టి వాయించిన వాద్యము ఎస్క్వయరే. సితారు జీరను గిటారు తెచ్చెననుట నా చెవి పూర్తిగా ఒప్పుకొనదు గాని, పోలిక మాత్రము లేకపోలేదు.

గిబ్సన్ వారి కథ యింకను స్పష్టము. బంగారురంగు పూసి, మేపుల్ చెక్కతో ఉబ్బెత్తుగా చెక్కిన రెండు పికప్పుల లెస్ పాల్ గిటారును వారు 1952లో అమ్మజొచ్చిరి. అది కొనలేని విద్యార్థులకై 1954లో జూనియర్ అను చిన్నదానిని చేసిరి. బల్లపరుపైన మహాగని పలక. సుమారు 10,000 చుట్లుగల పికప్పొకటి. నాదము హెచ్చించుట కొకటి, మార్చుట కొకటి మరలు రెండు. వెల 99 డాలర్ల 50 సెంట్లు. పేరులోనే పిల్లలదని వ్రాసియున్నది! ఆ పిల్లల వాద్యమును భారీకాయుడగు లెస్లీ వెస్ట్ పట్టుకొని 1970లో మౌంటెన్ బృందముతో వాయింపగా రాక్ సంగీతాభిమానులు చెవులు నిక్కించిరి. తరువాత పంక్ వాదకులు, క్లాష్ బృందమున మిక్ జోన్స్ మొదలగువారు, దానిని చేపట్టిరి. నేడు 1950 దశకపు జూనియరొకటి వేలకొలది డాలర్లు పలుకుచున్నది.

ఎందులకీ మోజు? రెండవ అయస్కాంతము లేనందున తంత్రికి లాగుడు తగ్గి మ్రోత ఎక్కువసేపు నిలుచునని వాదకులందురు. మిక్కిలి దగ్గరగా నున్న అయస్కాంతము తంత్రిని లాగుట నిజమే. కాని పికప్పును క్రిందికి దింపుకొనవచ్చును గదా! నాకు తోచిన కారణము వేఱు. మీట లేనపుడు నాదభేదము చేతినుండి రావలెను. మృదువు కావలసిన గోరు దండివైపు జరుగవలెను, మరను తగ్గింపవలెను, మీటు తేలిక చేయవలెను. మన వైణికుడు తరతరములుగా చేయుచున్న దిదియే. అయినను లోటు లోటే. చార్లీ క్రిస్టియన్ వాయించిన ఆ నిండుమెత్తదనము గుఱ్ఱపు పికప్పున పూర్తిగా రాదు. వచ్చునని వాదించువారితో నేను ఏకీభవింపను.

ఒంటిచుట్ట పికప్పునకు మఱియొక దోషము గలదు: ఇంటి విద్యుత్తు హుంకారమును గూడ వినును. గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ రెండు చుట్టలను ఎదురెదురు పోకడలో కలిపి ఆ రొదను రద్దుచేయు పికప్పును కల్పించి, 1955లో పేటెంటు కోరి 1959లో పొందెను. అట్టి జంటచుట్ట పికప్పు నొకదానిని ఎడ్డీ వాన్ హాలెన్ పాత గిబ్సన్ గిటారునుండి ఊడదీసి, విడిగా కొన్న చెక్కలో తానే తొలిచి గుఱ్ఱము కడ నిలిపెను. తక్కిన తీగలు కలుపుట తెలియక మర యొకటితో సరిపెట్టుకొనెను. 1978 నాటి వాన్ హాలెన్ బృందపు మొదటి రికార్డుతో ఆ గిటారు లోకప్రసిద్ధమైనది. అతడు 2020లో మరణించెను. అంతకు ముందటి యేట న్యూయార్కు మెట్రొపాలిటన్ మ్యూజియమువారు రాక్ వాద్యముల ప్రదర్శనమున దాని నుంచిరి. చూడబోయినవారికి దానిపై పికప్పులు రెండు కనబడును. దండి చెంత నున్నది యతడు పిమ్మట ఊరక బిగించినది. దానికి తీగ కలుపలేదు. ఉన్న యొక్క మరపై నాదభేదమని వ్రాసియుండును గాని, త్రిప్పిన హెచ్చుతగ్గులగునది బిగ్గఱతనము మాత్రమే.