రెక్క మీది గాలి, రెక్క క్రింది ఘోష

2021వ సంవత్సరము ఏప్రిల్ నెలలో, కోవిడ్ వ్యాధి ప్రబలినపుడు, ఖాళీ ఆక్సిజన్ ట్యాంకర్లను హైదరాబాదులోని బేగంపేటనుండి భారత వాయుసేనవారి సి-17 విమానములు ఒడిశాకు చేరవేసినవి. అంత భారీ విమానము సుమారు 1,070 మీటర్ల రన్‌వేపై దిగగలుగుట యెట్లు? ఆ ఉపాయము వెనుక ఒక చిక్కును దాగియున్నది. అదియే ధ్వని.

రెక్క వెనుక అంచున క్రిందికి వంగు పలకలను ఫ్లాపులందురు. సి-17 ఇంజనులు రెక్క క్రింద నుండును. దిగునపుడు వానినుండి వెలువడు గాలిధార ఫ్లాపులను తాకి క్రిందికి మళ్లును. గాలిని క్రిందికి త్రోసినకొలది విమానము నెత్తు బలము హెచ్చును. కావున తక్కువ వేగముతో దిగవచ్చును.

కాని ధార పలకను కొట్టినపుడు ఘోష పుట్టును. జూరాల గేట్లు ఎత్తినపుడు గద్వాల, వనపర్తి విద్యార్థులును, మల్లెలతీర్థము కడ నాగర్‌కర్నూలు విద్యార్థులును గమనించియే యుందురు: నీరు జారునపుడు కంటె క్రింద కొట్టుకొనునపుడే హోరు ఎక్కువ.

స్వేచ్ఛగా వెలువడు ధార యొక్క ధ్వనిశక్తి దాని వేగపు 8వ ఘాతమును అనుసరించునని 1952లో ఇంగ్లండు గణితవేత్త జేమ్స్ లైట్‌హిల్ చూపెను. వేగము సగమైన ధ్వనిశక్తి 256వ వంతగును. ఫ్లాపును తాకు ధారకు ఇది సుమారు 6వ ఘాతమని 1970 తరువాత అమెరికాలోని నాసా ప్రయోగములలో తేలెను. ఇచట వేగము సగమైనను ధ్వని 64వ వంతునకే తగ్గును.

శాస్త్రజ్ఞులు రెండు మార్గములు వెదకిరి. మొదటిది: ఇంజను మూతిని పూరేకులవలె చీల్చి, ధారను బయటి గాలితో త్వరగా కలిపి, ఫ్లాపును చేరులోపలనే వేగము తగ్గించుట. రెండవది: ఇంజనును రెక్కపైకి మార్చుట. వంపుతలము నంటి పారుట ధార స్వభావము. రుమేనియా ఇంజనీరు ఆన్రీ కోయాండా పేర దీనిని కోయాండా ప్రభావమందురు. అపుడు ధార రెక్క మీదుగా పారి ఫ్లాపు వెంబడి వంగును. రెక్కయే గొడుగువలె నేలకు పోవు ధ్వనిని కొంత ఆపును.

1976లో ఎగిరిన బోయింగ్ వైసి-14, 1978లో ఎగిరిన నాసావారి క్యుఎస్ఆర్ఎ రెండవ మార్గమునకు చెందినవి. 1975లో ఎగిరిన మెక్‌డొనెల్ డగ్లస్ వైసి-15 ఇంజనులను రెక్క క్రిందనే ఉంచెను. సి-17 దాని సంతతియే. విమానపు రూపును ధ్వని యొక్కటియే నిర్ణయింపదు.

కుళాయి ధారకు చెంచా వీపును తాకించి చూడుడు. నీరు వంపు వెంట మళ్లును. నీటి తలతన్యతయు ఇందు తోడ్పడును, అయినను భావము తెలియును. ప్రాణవాయువును శీఘ్రముగా చేర్చుటయు, విమానాశ్రయము చెంతనుండువారి నిద్రను కాపాడుటయు, రెండును శాస్త్రము చేయవలసిన పనులే.