బ్లాక్ హోల్స్: ఒకే గెలాక్సీలో రెండు భారీ బ్లాక్ హోల్స్.. రేడియో టెలిస్కోపులు ఎలా పట్టేస్తున్నాయంటే?

దాదాపు ప్రతి పెద్ద గెలాక్సీ నడిబొడ్డున ఓ భారీ బ్లాక్ హోల్ ఉంటుంది. మరి రెండు గెలాక్సీలు కలిసిపోతే..? ఒకే చోటికి రెండు బ్లాక్ హోల్స్ చేరతాయి. చుట్టూ ఉన్న వాయువును మింగుతూ రెండూ ఒకేసారి చెలరేగితే వాటిని జంట క్రియాశీల బ్లాక్ హోల్స్ అంటారు. విశ్వంలో గెలాక్సీల విలీనాలు మామూలే. కానీ పక్కాగా తేలిన జంటలు మాత్రం తక్కువే. ఎందుకలా?

రేడియో తరంగాలే ఎందుకు?

గెలాక్సీలు కలిసేటప్పుడు వాయువు, ధూళి కేంద్రం వైపు వచ్చి పడతాయి. ఈ ధూళి మామూలు కాంతిని అడ్డుకుంటుంది. రేడియో తరంగాలు మాత్రం దాన్ని దాటుకుని వచ్చేస్తాయి. పైగా దూరదూరంగా ఉన్న డిష్‌లను కలిపి ఒకే టెలిస్కోపులా వాడుకోవచ్చు. అమెరికా వీఎల్‌బీఏ ఇలాంటిదే. హవాయి నుంచి కరీబియన్‌లోని వర్జిన్ దీవుల దాకా 8 వేల కి.మీ. పరిధిలో దీనికి 10 డిష్‌లు ఉన్నాయి.

మధ్య దూరం 24 కాంతి సంవత్సరాలే!

0402+379 అనే గెలాక్సీ మనకు సుమారు 75 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. దీని కేంద్రంలో రెండు బ్లాక్ హోల్స్ ఉన్నట్లు 2006లో వీఎల్‌బీఏ పరిశీలనలు తేల్చాయి. 12 ఏళ్ల డేటాను పోల్చి చూస్తే, ఒకటి రెండోదాని చుట్టూ కదులుతున్నట్లు 2017లో తెలిసింది. ఒక్క చుట్టుకు సుమారు 30 వేల ఏళ్లు! రెండింటి బరువు కలిపితే దాదాపు 1500 కోట్ల సూర్యులంత.

రెండు చుక్కలు కనిపిస్తే చాలా?

చాలదు. బ్లాక్ హోల్ నుంచి దూసుకొచ్చే జెట్‌లోని ఓ ముద్ద కూడా రెండో బ్లాక్ హోల్‌లా కనిపించి బోల్తా కొట్టిస్తుంది. అందుకే వేర్వేరు ఫ్రీక్వెన్సీల్లో చూస్తారు. సాధారణంగా ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ జెట్ ముద్ద మసకబారుతుంది. బ్లాక్ హోల్‌ను ఆనుకున్న కోర్ వెలుగు అంతగా తగ్గదు. 0402+379లో రెండు చుక్కలూ ఈ పరీక్షలో నెగ్గాయి.

అసలు చిక్కు ఇక్కడే

ఈ జంటలు చుట్టుపక్కల నక్షత్రాలను విసిరేస్తూ, శక్తి కోల్పోతూ దగ్గరవుతాయి. సుమారు 3 కాంతి సంవత్సరాల దూరానికి వచ్చేసరికి విసరడానికి నక్షత్రాలే మిగలకపోవచ్చు. గురుత్వ తరంగాలు వాటిని కలిపేంత బలంగా ఉండాలంటే ఇంకా దగ్గరికి రావాలి. దీన్నే ఫైనల్ పార్సెక్ సమస్య అంటారు. మరి ఇవి కలుస్తాయా, అక్కడే ఆగిపోతాయా?

మన దేశం పాత్ర కూడా ఉంది

2023 జూన్‌లో దీనికి ఓ ఆధారం దొరికింది. పల్సార్లను ఏళ్ల తరబడి గమనించిన అంతర్జాతీయ బృందాలు, విశ్వమంతా వ్యాపించిన గురుత్వ తరంగాల సంకేతాలు కనిపించాయని ప్రకటించాయి. పుణె దగ్గరి జీఎంఆర్‌టీని వాడిన భారత బృందం కూడా ఇందులో ఉంది. ఐఐటీ హైదరాబాద్ పరిశోధకులూ పాల్గొన్నారు. ఈ తరంగాలు భారీ బ్లాక్ హోల్ జంటల నుంచే వస్తుండొచ్చని అంచనా. అదే నిజమైతే, ఎన్నో జంటలు ఆ అడ్డంకి దాటేస్తున్నట్లే. అందుకే కొత్తగా తేలే ఒక్కో జంటా శాస్త్రవేత్తలకు అంత కీలకం.