600 బస్తాలు, మైనస్ 20,536 కిలోలు

దివిసీమలో ఓ రైతు ఇంటి లెక్క. ధాన్యం 600 బస్తాలు, బస్తాకి 75 కిలోలు, మొత్తం 45,000 కిలోలు. ఇవే రెండు అంకెల్ని ‘ఇంట్’లుగా ప్రకటించి టర్బో సి‌లో గుణించి, ఇంట్‌గానే అచ్చువేయిస్తే తెర మీద మైనస్ 20,536 పడుతుంది. కంపైలర్ తప్పు పట్టదు. టైపులు సరిగ్గానే ఉన్నాయి మరి!

సి భాషలో ఏ పేరు ఏ టైపో ముందే చెప్పాలి. కానీ ‘ఇంట్’ ఎంత పెద్దదన్నది మాత్రం కంపైలర్‌నిబట్టి ఉంటుంది. బోర్లాండ్ కంపెనీ 1987లో డాస్ కోసం తెచ్చిన టర్బో సి‌లో అది రెండు బైట్లు. 32,767 దాటితే లెక్క తిరగబడుతుంది. ఇవాళ మన ల్యాప్‌టాప్‌లలో జీసీసీ పెట్టుకుంటే నాలుగు బైట్లు, 45,000 నిక్షేపంగా వస్తుంది. టర్బో సి‌లో జవాబుని ‘లాంగ్’ చేసినా చాలదు, గుణించే ముందే ఒక అంకెని లాంగ్ చెయ్యాలి.

1998లో గుడివాడ దగ్గర గుడ్లవల్లేరులో ఇంజనీరింగ్ కాలేజీ వచ్చింది. సి++కి మొదటి అంతర్జాతీయ ప్రమాణం వచ్చిందీ ఆ ఏడే. అయినా తెలుగునాట చాలా ల్యాబుల్లో ఆ ప్రమాణానికి ముందటి టర్బో సి++ నీలం తెర ఏళ్ళ తరబడి కదల్లేదు. ఇదంతా వెనకబాటేనని నవ్వేవాళ్ళతో నేను పూర్తిగా ఏకీభవించలేను. నెట్ లేని ఇంటికి అది సరిపోయిన సరంజామా. కొన్ని మెగాబైట్ల ఫోల్డరు, బందరులో సీడీకెక్కించుకుని అవనిగడ్డ బస్సెక్కితే చాలు. సి డ్రైవులో పెట్టి, ఇన్‌క్లూడ్, లిబ్ ఫోల్డర్లు ఎక్కడున్నాయో చెప్పి, కంట్రోల్ ఎఫ్9 కొడితే ప్రోగ్రాం నడిచేది. తర్వాత 64 బిట్ విండోస్ మొరాయిస్తే డాస్‌బాక్స్‌లో పెట్టి మరీ నడిపారు.

నష్టమల్లా, నేర్చుకున్నదంతా సి భాషే అనుకోవడం. తెర తుడిచే క్లియర్‌స్క్రీన్, మీట కోసం ఆగే గెట్‌సీహెచ్, ఇవి భాషలోవి కావు, ఆ సరంజామాలోవి. వేరే కంపైలర్ ముందు కూర్చున్నాకగానీ ఆ సంగతి తెలిసిరాలేదు.

నిజానికి ఈ చిక్కు మన తాతలకి తెలిసిందే. పుట్టి అన్న పేరు ఒకటే, కొలత మాత్రం ప్రాంతాన్నిబట్టి మారేది. పొరుగూరి వర్తకుడితో బేరమాడేముందు ఏ పుట్టో తేల్చుకోవాల్సిందే. కొలతల్ని దేశమంతటికీ ఒకటి చేసే చట్టం 1956లోగానీ రాలేదు. కొత్త మెషీన్‌లో కంపైలర్ పెట్టుకున్న పిల్లలకి నేను చెప్పే మొదటి పనీ అదే: హలో వరల్డ్ తర్వాత, ‘సైజాఫ్’తో ఇంట్ ఎన్ని బైట్లో అచ్చువేయించి చూడండి.