తాళంచెవుల జాబితా ఎవరి దగ్గర?

ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శిగారు అడిగితే పాస్‌వర్డుల చరిత్ర రాస్తానన్నాను. ఆయన నవ్వారు. మన సర్వీసు వివరాలూ, పెన్షను లెక్కలూ ఇప్పుడు కంప్యూటరు బీరువాలోనే ఉన్నాయి. దాని తాళం సంగతి మనకెందుకు పట్టదు?

నేను ఉద్యోగంలో చేరిననాడు స్ట్రాంగు రూముకు రెండు తాళాలు. ఒక తాళంచెవి ఆఫీసరుగారి దగ్గర, రెండోది ష్రాఫు దగ్గర. ఒకరు లేనిదే మరొకరు తెరవలేరు. ఎవరు ఎప్పుడు ఎవరికి అప్పగించారో రిజిస్టరులో సంతకాలుండేవి.

కంప్యూటరుకు పాస్‌వర్డు అమెరికాలోని ఎం.ఐ.టి.లో వచ్చింది. అనేకమంది ఒకే యంత్రాన్ని ఏకకాలంలో వాడుకొనే సి.టి.ఎస్.ఎస్. అనే ఏర్పాటును 1961లో ఫెర్నాండో కోర్బాటో బృందం ప్రదర్శించింది. ఎవరి ఫైళ్ళు వారికే దక్కాలని పాస్‌వర్డులు పెట్టారు. కాని అవన్నీ ఒకే ఫైలులో, ఉన్నవి ఉన్నట్టుగా ఉండేవి. 1962లో అలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థి, తనకు కేటాయించిన సమయం చాలక, ఆ ఫైలును అచ్చువేయమని పంచ్‌కార్డు పెట్టాడు. యంత్రం వేసి ఇచ్చింది! ఇండెంటు మీద సంతకం చూడకుండా సరుకిచ్చే స్టోర్‌కీపరు వంటిదన్నమాట. 1966లో ఇంకో చిత్రం. రెండు ఫైళ్ళు తారుమారై, లోనికి వచ్చిన ప్రతివారికీ ఆనాటి ప్రకటనకు బదులు అందరి పాస్‌వర్డులూ టెర్మినలు మీద అచ్చయ్యాయి.

1967 ప్రాంతంలో కేంబ్రిడ్జిలో రోజర్ నీడ్‌హామ్ ఉపాయం కనిపెట్టారు. పాస్‌వర్డును పిండి ఆడించినట్టు మార్చి, ఆ పిండినే దాచడం. పిండినుంచి మళ్ళీ గింజలు రావు కదా. దొంగలు నిఘంటువులోని మాటలన్నీ ఆడించి పోల్చి చూస్తారని, ఒక్కొక్క పాస్‌వర్డుకూ వేరువేరుగా కొంత "ఉప్పు" కలిపే పద్ధతిని మోరిస్, థాంప్సన్ 1979లో వివరించారు. ఉప్పు అన్నమాట వారిదే, నాది కాదు.

ఇక డేటాబేసు అధికారి సంగతి. మామూలు ఉద్యోగుల పాస్‌వర్డులు డేటాబేసులోనే ఉంటాయి. డేటాబేసు మూసి ఉన్నప్పుడు దాన్ని తెరిచే అధికారిని గుర్తుపట్టేదెవరు? బీరువా తాళంచెవి బీరువాలో పెట్టలేం. అందుకే ఒరాకిల్ వంటి వాటిలో అతనికోసం బయట వేరే పాస్‌వర్డు ఫైలు ఉంటుంది. ఆ ఫైలును మార్చగలిగినవాడు సర్వాధికారి అయిపోగలడు. కనుక దాన్ని ముట్టుకొనే హక్కు ఒకరిద్దరికే ఉండాలి. ప్రతి అధికారికీ సొంత పేరుండాలి. బదిలీ అయిన రోజే ఆ పేరు తీసివేయాలి.

నేను పనిచేసిన ఒక కార్యాలయంలో అధికారి పాస్‌వర్డు చీటీమీద రాసి టేబిలు అద్దం కింద పెట్టారు. అందరం దానితోనే పని కానిచ్చేవాళ్ళం. ఒకనాడు ఒక జీతం పద్దు మారిపోయింది. ఎవరు మార్చారో చూస్తే "అధికారి" అని మాత్రమే ఉంది. ఆరుగురికీ మెమోలిచ్చారు. చేయని పనికి సంజాయిషీ రాసుకొన్న రాత్రి నాకు నిద్రపట్టలేదు. తేలిందేమీ లేదు.

రిటైరైన రోజు బీరువా తాళాలు, స్టాంపులు, రబ్బరు ముద్రలు లెక్కపెట్టి నాచేత సంతకం పెట్టించుకొన్నారు. ఆ పాస్‌వర్డు సంగతి ఎవరూ అడగలేదు. ఎనిమిదక్షరాలు, ఇప్పటికీ నాకు కంఠతా వచ్చు.