నల్లేరు

నల్లేరు ద్రాక్ష కుటుంబానికి చెందిన, కండగల కాడలున్న తీగ. శాస్త్రీయ నామం సిస్సస్ క్వాడ్రాంగ్యులారిస్. ఆఫ్రికా, అరేబియా, భారతదేశం, శ్రీలంక, ఆగ్నేయాసియాల్లోని పొడి ప్రాంతాల్లో తనంతట తానే పెరుగుతుంది. సంస్కృత వైద్య గ్రంథాల్లో దీనికి అస్థిసంహారి, అస్థిశృంఖల, వజ్రవల్లి అనే పేర్లున్నాయి. హిందీలో హడ్‌జోడ్, తమిళంలో పిరండై, కన్నడంలో మంగరవల్లి అంటారు. తెలుగు పల్లెల్లో చేల కంచెల మీద, తుప్పల మీద, రాళ్ల గుట్టల మీద అల్లుకుని కనిపిస్తుంది. విరిగిన ఎముకలను అతికించే మందుగా దీనికి పేరు ఎక్కువ. అయితే పాత వైద్యులు దీన్ని వంటకంగానూ తినమన్నారు. నల్లేరు చరిత్రలో మందును, తిండిని విడదీసి చూస్తే సగమే అర్థమవుతుంది.

కాడ నాలుగు పలకలుగా ఉంటుంది. కణుపు దగ్గర సన్నగా నొక్కుకుపోయి, మళ్లీ లావుగా సాగుతుంది. ప్రతి కణుపు దగ్గర ఒకవైపు ఆకు, దానికి ఎదురుగా నులితీగ వస్తాయి. పూలు చిన్నవి, నాలుగేసి రేకులవి. కాయ బఠాణీ గింజంత ఉండి పండితే ఎర్రబడుతుంది. ఎండలు ముదిరేసరికి ఆకులన్నీ రాలిపోయినా కాడ మాత్రం పచ్చగానే ఉంటుంది. ఇందులోని కిటుకు 1983లో టింగ్, స్టెర్న్‌బర్గ్, డెనీరో ప్రచురించిన పరిశోధనతో తేటపడింది. ఆకులు మామూలు మొక్కల్లా పగలే గాలిలోని బొగ్గుపులుసు వాయువును తీసుకుంటాయి. కాడ మాత్రం బ్రహ్మజెముడు పద్ధతిలో, రాత్రి చల్లబడ్డాక రంధ్రాలు తెరిచి ఆ వాయువును లోపలికి లాక్కుని, ఆమ్లంగా దాచుకుని, పగలు రంధ్రాలు మూసుకుని వాడుకుంటుంది. అందుకే నీరు ఆవిరైపోదు. ఒకే తీగ రెండు పద్ధతుల్లో బతకడం అరుదైన సంగతి.

విరిగిన ఎముకలకు నల్లేరు వాడకం 11వ శతాబ్దంలో చక్రపాణిదత్తుడు కూర్చిన చక్రదత్తలో స్పష్టంగా కనిపిస్తుంది. ఎముక విరిగినా, కీలు జారినా నల్లేరు, లక్క, గోధుమ, తెల్లమద్ది బెరడు నేతితో కలిపి పాలతో తాగమన్నాడు. లాక్షాగుగ్గులు మాత్రల్లోనూ లక్క పక్కన నల్లేరు ఉంది. ఆ మాత్రలు నేటికీ ఆయుర్వేద దుకాణాల్లో దొరుకుతాయి.

16వ శతాబ్దపు భావప్రకాశంలో ఇంకా ఆసక్తికరమైన విషయం ఉంది. నల్లేరు కాడ పై తొక్క తీసి, దానిలో సగం వంతుగా పొట్టు తీసిన మినప్పప్పు చేర్చి, మెత్తగా రుబ్బి, నువ్వుల నూనెలో వడలుగా వేయించమంటాడు భావమిశ్రుడు. అది వాతాన్ని బాగా తగ్గిస్తుందని చెబుతాడు. ఇది అచ్చంగా మినప గారె పద్ధతే. తొక్క తీయడం, మినుములు కలపడం, నూనెలో బాగా కాలనివ్వడం అనే మూడు పనులూ ఈనాటికీ నల్లేరు వండే ఇళ్లలో జరుగుతున్నాయి. గ్రంథం వంటిల్లు చూసి నేర్చిందో, వంటిల్లే గ్రంథం చూసి నేర్చిందో తేల్చడం కష్టం. ఈ వ్యాసకర్తకు మాత్రం మొదటిదే నిజమనిపిస్తుంది.

యూరోపియన్ల పుస్తకాల్లోకి నల్లేరు మలబారు తీరం నుంచి వెళ్లింది. డచ్చి అధికారి వాన్ రీడ్ 1678 నుంచి 1693 వరకు 12 సంపుటాలుగా వెలువడిన హోర్టస్ మలబారికస్‌లో దీన్ని మలయాళ పేరుతో చేర్చాడు. లిన్నేయస్ 1767లో ఇప్పటి శాస్త్రీయ నామానికి ఆధారమైన వర్ణన ఇచ్చాడు. అతని శిష్యుడు పేర్ ఫోర్స్‌కోల్ యెమెన్‌లో ఇదే తీగను చూశాడు. 1763లో అక్కడే జబ్బుపడి చనిపోయాడు. అతని రాతలను తోటి యాత్రికుడు నీబూర్ 1775లో అచ్చు వేయించాడు. వెన్నెముక బాధలున్న అరబ్బులు నల్లేరు కాడలు పరిచి పక్కగా వేసుకుని పడుకుంటారని ఫోర్స్‌కోల్ చెప్పిన సంగతిని తర్వాతి వైద్య గ్రంథాలు ప్రస్తావించాయి. ఎముకలకూ ఈ తీగకూ ఉన్న సంబంధం అరేబియా సముద్రం అవతల కూడా ఉందన్నమాట.

మద్రాసు సైన్యంలో వైద్యుడైన వైట్‌లా ఎయిన్స్‌లీ 1826లో ప్రచురించిన మెటీరియా ఇండికాలో మాత్రం ఎముకల కంటే కడుపు ముందుకొచ్చింది. లేత కొమ్మలను ఎండబెట్టి, పొడిచేసి, అజీర్ణంతో వచ్చే పేగుల జబ్బులకు తమిళ వైద్యులు ఇస్తారని రాశాడు. చెవిలో చీము కారితే, ముక్కు నుంచి నెత్తురు వస్తే కాడ రసం చుక్కలుగా వేసే అలవాటు కూడా 19వ శతాబ్దపు గ్రంథాల్లో ఉంది.

ఆధునిక పరీక్షలు 1960ల్లో కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో మొదలయ్యాయి. అక్కడి శస్త్రవైద్యుడు కె.ఎన్. ఉడుప, జి.సి. ప్రసాద్ కలిసి, ఎముక విరిచిన జంతువులకు నల్లేరు సారం ఇచ్చి చూశారు. రేడియోధార్మిక కాల్షియం-45తో ఎముకలోకి కాల్షియం ఎలా చేరుతోందో కొలిచారు, అతికిన ఎముక బలాన్ని పరీక్షించారు. సారం ఇచ్చిన జంతువుల్లో ఎముక త్వరగా అతికిందని 1963, 1964ల్లో ప్రచురించారు. గ్రంథంలోని మాటను ప్రయోగశాలలో తూచి చూడాలన్న వారి పట్టుదలే ఆ తర్వాత జరిగిన పనికంతటికీ పునాది. మనుషుల మీద జరిగిన పరీక్షలు మాత్రం చిన్నవి. కాబట్టి ఎముక విరిగితే ఎక్స్‌రే, సరైన కట్టు తప్పనిసరి. నల్లేరును వాటికి బదులుగా నమ్ముకోకూడదు. 2006 నుంచి కామెరూన్ శాస్త్రవేత్తలు స్థూలకాయంపై చేసిన అధ్యయనాల తర్వాత అమెరికా మార్కెట్లో దీని సారంతో బరువు తగ్గించే మాత్రలు, కసరత్తు చేసేవారి కోసం కీళ్ల మాత్రలు పెరిగాయి. కొన్నివారాలు సాగిన చిన్న అధ్యయనాల మీద అంత పెద్ద వ్యాపారం నిలబడడం సమంజసం కాదు.

పెంచడం తేలిక. రెండు మూడు కణుపులున్న కాడ ముక్క కోసి, కోత ఆరేదాకా నీడలో ఉంచి, ఒక కణుపు మట్టిలోకి వెళ్లేలా నాటితే చాలు. ఇసుక కలిసిన, నీరు నిలవని నేల కావాలి. కుండీలోనూ వస్తుంది. నీరు ఎక్కువైతే మొదలు కుళ్లిపోతుంది. పాకడానికి ఒక కర్రో కంచో చూపిస్తే ఒక్క వానాకాలంలోనే కమ్మేస్తుంది. కూరకు చివరి మూడు నాలుగు కణుపులే కోయాలి. ఆ కొసలు గోటితో గిల్లితే పుటుక్కున తెగుతాయి. తెగకపోతే ముదిరినట్టే.

నల్లేరు పచ్చిగా తినేది కాదు. కాడలో కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు సన్నని సూదుల్లా ఉంటాయి. చేతికి తగిలితే దురద, నోట్లో పడితే గొంతు గీరుకుపోతుంది. అందుకే కోసేముందు చేతులకు నూనె రాసుకుంటారు. కణుపులు తీసేసి, నాలుగు అంచుల వెంబడి నార లాగేస్తారు. ముక్కలను నూనెలో పచ్చిదనం పూర్తిగా పోయేదాకా, రంగు మారేదాకా వేయిస్తారు. విడిగా మినప్పప్పు, ఎండుమిర్చి, జీలకర్ర వేయించి, చింతపండు, ఉప్పు చేర్చి రోట్లో నూరితే నల్లేరు పచ్చడి. చింతపండు తగ్గిస్తే గొంతులో గరగర మిగులుతుంది కాబట్టి పులుపు దగ్గర పిసినారితనం పనికిరాదు. తమిళ బ్రాహ్మణ ఇళ్లలో తద్దినం భోజనంలో పిరండై తువైయల్ (పచ్చడి) తప్పనిసరి. ఆనాటి బరువైన భోజనం అరగడానికి అది తోడ్పడుతుందని పెద్దలు చెబుతారు. ఎయిన్స్‌లీ రెండు వందల ఏళ్ల కిందట రాసుకున్నదీ ఈ జీర్ణగుణం గురించే. లేత కాడలు ఎక్కువగా దొరికినప్పుడు వేయించి ఎండబెట్టి, పప్పులతో కలిపి పొడి కొట్టుకుంటారు. వేడి అన్నంలో మొదటి ముద్దకు ఆ పొడి, నువ్వుల నూనె కలుపుకుంటారు.